ఎలుకల వంశవృక్షాన్ని డీఎన్‌ఏతో గీయడం ఎలా? మొదటిసారి చేసేవాళ్ళ కోసం

పీజీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే జువాలజీ, బయోటెక్నాలజీ విద్యార్థులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "జెన్‌బ్యాంక్ నుంచి సీక్వెన్సులు దించుకున్నాను, మెగాలో పెట్టాను, ట్రీ వచ్చింది. ఇది కరెక్టేనా?" (జెన్‌బ్యాంక్ అంటే అందరూ ఉచితంగా వాడుకోగలిగే డీఎన్‌ఏ భాండాగారం, సీక్వెన్స్ అంటే డీఎన్‌ఏ అక్షరాల, అంటే బేసుల, వరస, ట్రీ అంటే వంశవృక్షం.) ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌కి మీరు ఏమిచ్చినా ట్రీ వస్తుంది. తప్పు జన్యువు ఇచ్చినా వస్తుంది, సగం సీక్వెన్సులు తిరగబడి ఉన్నా వస్తుంది, అందులో ల్యాబ్‌లో పనిచేసే మనిషి డీఎన్‌ఏ కలిసినా వస్తుంది. కాబట్టి గీయడానికి పట్టే టైమ్ కన్నా, గీసినదాన్ని పరీక్షించడానికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

ఇది విద్యార్థులకే ఎదురయ్యే కష్టం కాదు. గినీ పంది అసలు రోడెంటేనా, అంటే ఎలుకలు, ఉడుతలు ఉన్న కొరికే జంతువుల వర్గంలోదేనా అని 1991లో డాన్ గ్రౌర్, విన్‌స్టన్ హైడ్, వెన్-హ్సియుంగ్ లీ నేచర్ పత్రికలో ప్రశ్న లేవదీశారు. 1996లో అదే పత్రికలో ఇంకో బృందం గినీ పంది పూర్తి మైటోకాండ్రియా సీక్వెన్స్ చూపించి "రోడెంట్ కాదు" అని శీర్షికలోనే తేల్చేసింది. 2001కి వచ్చేసరికి పదుల సంఖ్యలో జంతువుల్ని, ఎక్కువగా కేంద్రక జన్యువుల్ని పెట్టి చూస్తే అది మళ్ళీ రోడెంట్లలోకే వచ్చి కూర్చుంది. సీక్వెన్సుల్లో తప్పు లేదు. పోల్చిన జంతువులు మరీ తక్కువ, వాటిలో కొన్ని కొమ్మలు మరీ పొడుగు, అంటే మార్పులు మరీ ఎక్కువ పేరుకున్నవి. అంతటి వాళ్ళనే తికమక పెట్టిన విషయం ఇది, మీ మొదటి ట్రీ వంకరగా వస్తే టెన్షన్ పడకండి.

ఏమేం కావాలి

మామూలు ల్యాప్‌టాప్ చాలు. మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేర్, సీక్వెన్సులు కళ్ళతో చూసుకోవడానికి అలీవ్యూ, ట్రీ కోసం ఐక్యూ-ట్రీ, వచ్చిన ట్రీని చూసి సర్దుకోవడానికి ఫిగ్‌ట్రీ. ఐక్యూ-ట్రీని కమాండ్లతో నడపడం భయంగా ఉంటే వియన్నా విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్ సర్వర్ ఉంది, ఫైలు ఎక్కించి నాలుగు గడులు నింపితే సరిపోతుంది. వీటన్నిటితో పాటు ఒక ఎక్సెల్ షీట్. ఏ సీక్వెన్స్ ఏ నంబరుది, ఏ దేశం నుంచి వచ్చింది, ఎన్ని బేసుల పొడవు అన్నది మొదటిరోజు నుంచే అందులో రాస్తూ రండి. చాలామంది ఈ షీట్‌ని చివర్లో రాద్దాంలే అని వదిలేస్తారు, తర్వాత థీసిస్ రాసేటప్పుడు వారాలు పోతాయి.

ల్యాబ్ లేకపోయినా పని మొత్తం చేయొచ్చు. సొంత శాంపిళ్ళు ఉన్నవాళ్ళకి విడిగా నాలుగో మెట్టులో చెప్పాను.

1. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"రోడెంట్ల పరిణామ సంబంధాలు" అనేది ప్రశ్న కాదు. "పందికొక్కు మన ఇంటి ఎలుకకి దగ్గరా, పొలాల్లో తిరిగే మెత్తబొచ్చు ఎలుకకి దగ్గరా?" అనేది ప్రశ్న. "ఉడుత, ముళ్ళపంది, ఎలుక, వీటిలో ఏ రెండు దగ్గర?" అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండిటికీ ఒకే జన్యువు పనికిరాదు, అందుకే ముందు రాయమంటున్నాను.

దగ్గరి బంధువుల మధ్య తేడా కావాలంటే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి తీసుకోండి. ఎలుకల్లో ఇది 1,140 నుంచి 1,144 బేసుల పొడవుంటుంది, వేగంగా మారుతుంది, జెన్‌బ్యాంక్‌లో కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది. కుటుంబాల స్థాయికి వెళ్ళాలంటే మెల్లగా మారే కేంద్రక జన్యువులు కావాలి. ఐఆర్‌బీపీ మొదటి ఎక్సాన్‌లో (ఎక్సాన్ అంటే జన్యువులో ప్రోటీన్ సమాచారం ఉండే భాగం) సుమారు 1,200 బేసుల ముక్క, జీహెచ్‌ఆర్ పదో ఎక్సాన్, రాగ్1, బీఆర్‌సీఏ1, ఇవి రోడెంట్ల మీద బాగా నలిగిన జన్యువులు. మొదటిసారికి సైటోక్రోమ్ బి, ఐఆర్‌బీపీ రెండూ చాలు.

2. జంతువుల జాబితా

నా సలహా ఏంటంటే, మొదటి ట్రీని జవాబు తెలిసిన జంతువులతోనే గీయండి. అది సరిగ్గా వచ్చాకే మీ కొత్త శాంపిల్‌ని అందులో చేర్చండి. మన పొలాల, ఇళ్ళ జంతువులతోనే మంచి జాబితా తయారవుతుంది:

- చిట్టెలుకలు: మస్ మస్క్యులస్, మస్ బూడుగా, మస్ టెరికలర్, మస్ ప్లాటిత్రిక్స్
- ఎలుకలు: రాటస్ రాటస్, రాటస్ నార్వెజికస్
- పందికొక్కులు: బాండికోటా ఇండికా, బాండికోటా బెంగాలెన్సిస్
- మెత్తబొచ్చు పొలం ఎలుక: మిల్లార్డియా మెల్టాడా
- జెర్బిల్: టాటెరా ఇండికా
- ముళ్ళ చిట్టెలుక: అకోమిస్ ప్రజాతిలో ఏదైనా ఒకటి
- హామ్‌స్టర్: మెసోక్రిసెటస్ ఆరటస్
- ఉడుత: ఫ్యునాంబులస్ ప్రజాతి
- ముళ్ళపంది: హిస్ట్రిక్స్ ప్రజాతి
- గినీ పంది: కేవియా పోర్సెలస్
- బయటి జంతువుగా (మిగతా అన్నిటికన్నా ముందే విడిపోయిందని తెలిసినది, ట్రీకి వేరు ఎక్కడో చూపించడానికి) కుందేలు: ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్

బయటి జంతువుగా ఏది పెట్టాలో తెలియక చాలామంది మనిషినో కోడినో పెట్టేస్తారు. కోడి మరీ దూరం, దాని కొమ్మ అంత పొడుగుండటం వల్ల మీ జాబితాలో ఏ పొడుగు కొమ్మ ఉంటే దాన్ని తన వైపు లాగేస్తుంది. రోడెంట్లకి బతికున్న జంతువుల్లో అన్నిటికన్నా దగ్గరి బంధువులు కుందేళ్ళు, పైకా (కుందేలు లాంటి చిన్న జంతువు) ఉన్న వర్గం, అందుకే కుందేలు. మీ ప్రశ్న ఎలుకలూ చిట్టెలుకల వరకే అయితే కుందేలు దాకా కూడా పోనక్కర్లేదు, హామ్‌స్టర్‌నే బయట పెట్టండి.

ఇంకో జాగ్రత్త. ఇళ్ళల్లో వాసన కొడుతూ తిరిగే చుంచు, అంటే సుంకస్ మ్యూరినస్, చూడ్డానికి ఎలుకలా ఉన్నా రోడెంట్ కాదు. దాన్ని రోడెంట్ల జాబితాలో కలిపేసి "నా ట్రీలో ఒక ఎలుక కుందేలు కన్నా బయటికి పోయింది" అని కంగారు పడేవాళ్ళు ఉన్నారు. ముందు పళ్ళు చూడండి. రోడెంట్‌కి పైదవడలో ఉలిలాంటి కొరికే పళ్ళు ఒక జతే ఉంటాయి, వాటి వెనక ఖాళీ ఉంటుంది. చుంచుకి వరసగా సూది పళ్ళుంటాయి.

3. సీక్వెన్సులు దించుకోవడం

జెన్‌బ్యాంక్‌లో వెతికేటప్పుడు ఒకే జన్యువుకి రెండు మూడు పేర్లుంటాయని గుర్తుంచుకోండి. ఐఆర్‌బీపీకే ఆర్‌బీపీ3 అని ఇంకో పేరు. సైటోక్రోమ్ బి కూడా సైట్‌బి అనీ, కాబ్ అనీ, ఎంటీ-సీవైబీ అనీ రకరకాలుగా రాసి ఉంటుంది. ఒక పేరుతో దొరక్కపోతే లేదనుకోకండి. కొలబద్దగా వాడుకోవడానికి చిట్టెలుక పూర్తి మైటోకాండ్రియా సీక్వెన్స్ నంబరు ఎన్‌సీ_005089, గోధుమ ఎలుకది ఎన్‌సీ_001665. ముందు ఈ రెండిట్లోంచి సైటోక్రోమ్ బి ముక్కని కోసి పెట్టుకుంటే మిగతావాటిని వీటితో పోల్చుకోవచ్చు.

దించేటప్పుడు ఈ నాలుగూ చూడండి:

పొడవు. 400 బేసుల ముక్కని 1,140 బేసుల వాటితో కలపకండి. మెగాలో ఖాళీలున్న స్థానాల్ని పూర్తిగా తీసేసే ఆప్షన్ పెట్టి ఉంటే, ఆ ఒక్క పొట్టి ముక్క వల్ల మీ డేటా మొత్తం 400 బేసులకి కుంచించుకుపోతుంది. ట్రీ మాత్రం ఏమీ జరగనట్టే వస్తుంది. "బూట్‌స్ట్రాప్ విలువలన్నీ 40, 50 వస్తున్నాయి" అనేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే. (బూట్‌స్ట్రాప్ అంటే ఒక కొమ్మని మీ డేటా ఎంత గట్టిగా సమర్థిస్తోందో 100కి చెప్పే అంకె.)

పేరు. జెన్‌బ్యాంక్‌లో జాతి పేరు పెట్టేది సీక్వెన్స్ పంపినవాళ్ళే. మస్ బూడుగా, మస్ టెరికలర్ బయటికి దాదాపు ఒకేలా ఉంటాయి, తప్పు పేర్లు పడే అవకాశం ఎక్కువ. అందుకని ప్రతి జాతికీ వేర్వేరు బృందాలు పంపినవి కనీసం రెండు దించుకోండి. ఒకే జాతి పేరున్న రెండు సీక్వెన్సులు ట్రీలో చెరోచోట పడితే, ఏదో ఒకదాని పేరు తప్పు కావచ్చు.

దేశం. "రాటస్ రాటస్" అని రాసి ఉన్నవన్నీ ఒకటే ఎలుక కాదు. నల్ల ఎలుక అనే పేరు కింద విడివిడి మైటోకాండ్రియా వంశాలున్నాయని కెన్ ఆప్లిన్ బృందం 2011లో చూపించింది. భారతదేశం వైపు వంశం వేరు, రాటస్ టనెజుమి అని కొందరు పిలిచే తూర్పు ఆసియా వంశం వేరు. అందుకే మీ షీట్‌లో దేశం గడి ఖాళీగా ఉండకూడదు.

జంతువు ఒకటేనా. రెండు జన్యువులూ ఒకే జాతివి దొరక్కపోతే అదే ప్రజాతిలో ఇంకో జాతి నుంచి ఒక జన్యువు తీసుకోవచ్చు, అందరూ చేసేదే. కానీ కొమ్మ మీద ప్రజాతి పేరు మాత్రమే పెట్టి, ఏ జన్యువు ఏ జాతిదో కింద రాయాలి.

దించగానే ఫైల్లో పేర్లు మార్చేయండి. ప్రజాతి, జాతి, నంబరు, మధ్యలో అండర్‌స్కోర్, అంతే. కామాలు, కోలన్లు, బ్రాకెట్లు ఉంటే ట్రీ ఫైలు తెరుచుకోదు.

4. సొంత శాంపిల్ ఉంటే

అనుమతి లేకుండా ఏ జంతువునీ పట్టకండి. ఎలుకలు "వర్మిన్" (హానికర జంతువులు) జాబితాలో ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదని పాత పుస్తకాలు చూసి చెప్పేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. మీ కాలేజీ జంతు నైతిక కమిటీని, అటవీ శాఖని ముందే రాతపూర్వకంగా అడగండి. వరి కోతల సమయంలో నెల్లూరు వైపు పొలాల్లో ఎలుకలు పట్టే యానాదుల దగ్గర అనుమతితో శాంపిల్ తీసుకోగలిగితే కొత్తగా జంతువుని చంపాల్సిన పని ఉండదు, పైగా ఏ బొరియ ఎవరిదో వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు, వాళ్ళు చెప్పింది రాసుకోండి. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

చెవి అంచు చిన్న ముక్క గానీ, చనిపోయినదైతే కాలేయం ముక్క గానీ 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ముక్క బియ్యపు గింజంత ఉంటే చాలు, ఎక్కువ వేస్తే ఇథనాల్ లోపలికి పోక కుళ్ళుతుంది. మర్నాడు ఇథనాల్ మార్చండి. ఫార్మలిన్‌లో మాత్రం వేయకండి, డీఎన్‌ఏ పాడవుతుంది. కాలేజీ మ్యూజియం సీసాల్లో ఉన్నవి పనికిరావా అని అడుగుతుంటారు, అవి ఎక్కువగా ఫార్మలిన్‌వే కాబట్టి మొదటి ప్రాజెక్టుకి వాటి జోలికి పోవద్దు.

డీఎన్‌ఏ తీయడానికి కిట్ వాడండి, డబ్బుల్లేకపోతే పాత ఫినాల్-క్లోరోఫాం పద్ధతీ చక్కగా పనిచేస్తుంది. పీసీఆర్‌లో, అంటే కావలసిన డీఎన్‌ఏ ముక్కని లక్షల నకళ్ళుగా పెంచే పద్ధతిలో, ఏ ముక్కని పెంచాలో చూపించే చిన్న డీఎన్‌ఏ తునకలే ప్రైమర్లు. వాటి విషయానికొస్తే, హైదరాబాద్ సీసీఎంబీలో ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించిన ప్రైమర్ల జత ఒకటుంది. ఏ జంతువుదో తెలియని మాంసం ముక్కని గుర్తుపట్టడానికి తయారుచేశారు, సైటోక్రోమ్ బిలో 470 చిల్లర బేసుల ముక్కనిస్తుంది. జాతిని గుర్తుపట్టడానికి అది బాగుంటుంది. ట్రీకి మాత్రం పూర్తి జన్యువు ఇచ్చే ప్రైమర్లు తీసుకోండి. పీసీఆర్‌లో ప్రతిసారీ డీఎన్‌ఏ వేయని ఖాళీ ట్యూబు ఒకటి పెట్టాలి, జెల్ మీద దానికి కూడా గీత కనిపిస్తే ఆ రోజు చేసినవన్నీ పారేయాలి, ఇందులో మొహమాటం లేదు. సీక్వెన్సింగ్‌కి రెండు దిక్కుల నుంచీ చదవమని చెప్పండి. ఒక్క దిక్కు నుంచి 700, 800 బేసులకి మించి శుభ్రంగా రాదు, మొదటి 30, 40 బేసులు ఎలాగూ పనికిరావు. సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే శిఖరాల గ్రాఫు తెరిచి చూడకుండా కంపెనీ పంపిన అక్షరాల్ని నేరుగా వాడొద్దు.

5. సీక్వెన్స్ అసలైనదేనా?

ఈ మెట్టుని దాటేసేవాళ్ళే ఎక్కువ. దయచేసి దాటేయకండి.

ముందు బ్లాస్ట్ చేయండి, అంటే మీ సీక్వెన్స్‌ని డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చి చూడండి. మొదటి ఫలితం మనిషి అని వస్తే కలుషితమైందని అర్థం. మొదటి ఫలితం 88 శాతమే కలిసిందంటే ఆ జాతి పేరు మీ శాంపిల్‌కి పెట్టకూడదు, మీ జాతి డేటాబేస్‌లో లేదని మాత్రమే దానర్థం.

తర్వాత ప్రోటీన్‌గా మార్చి చూడండి. మెగాలో జెనెటిక్ కోడ్ అని అడిగేచోట వర్టిబ్రేట్ మైటోకాండ్రియల్ ఎంచుకోవాలి. మామూలు కోడ్ వదిలేస్తే టీజీఏ ఉన్న ప్రతిచోటా ఆగిపోయే గుర్తు (స్టాప్ కోడాన్) పడుతుంది, ఎందుకంటే మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ట్రిప్టోఫాన్. "నా సీక్వెన్స్ నిండా స్టాప్ కోడాన్లే" అని భయపడేవాళ్ళలో చాలామందికి ఉన్న సమస్య ఈ ఒక్క సెట్టింగే. ఐఆర్‌బీపీ కేంద్రక జన్యువు కాబట్టి దానికి మామూలు కోడే పెట్టాలి. రెండు జన్యువుల్నీ ఒకే ఫైల్లో కలిపాక ఈ పరీక్ష కుదరదు, విడివిడిగా ఉన్నప్పుడే చేసేయండి.

సరైన కోడ్ పెట్టాక కూడా మధ్యలో స్టాప్ కోడాన్ వస్తే జాగ్రత్త పడాలి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ ముక్కలు ఎప్పుడో కేంద్రకంలోకి చేరి అక్కడ పనిలేని నకళ్ళుగా ఉండిపోతాయి, వాటిని న్యూమ్ట్‌లు అంటారు, పీసీఆర్‌లో ఒక్కోసారి అసలు బదులు ఆ నకలే పెరుగుతుంది. గ్రాఫులో జంట శిఖరాలు, మధ్యలో ఒక బేసు తగ్గడం, స్టాప్ కోడాన్, వీటిలో ఏది కనిపించినా ఆ సీక్వెన్స్‌ని పక్కన పెట్టండి. జన్యువు మొదటినుంచీ ఉంటే ఎలుకా చిట్టెలుకా రెండిట్లోనూ ప్రోటీన్ మెథియోనిన్, థ్రియోనిన్, ఆస్పరజిన్‌తో మొదలవుతుంది, ఇదో సులువైన గుర్తు.

6. అలైన్‌మెంట్

అలైన్‌మెంట్ అంటే ఒకే స్థానంలోని బేసులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా సీక్వెన్సుల్ని వరసపెట్టడం. దానికి మెగాలోని మజిల్ ప్రోగ్రాం చాలు, మాఫ్ట్ అలవాటున్నవాళ్ళు అదే వాడండి. సైటోక్రోమ్ బిలో చివర్న తప్ప ఎక్కడా ఖాళీ రాకూడదు. మధ్యలో ఒక్క బేసు ఖాళీ వచ్చిందంటే ఆ సీక్వెన్స్‌లో తప్పుంది. ఐఆర్‌బీపీలో ఖాళీలు రావచ్చు, కానీ మూడేసి చొప్పున రావాలి. ఒక సీక్వెన్స్ మాత్రం మిగతా అన్నిటితో ఎక్కడా కలవకుండా రంగురంగులుగా కనిపిస్తే అది తిరగబడి ఉంది, రివర్స్ కాంప్లిమెంట్ చేయండి.

అలైన్‌మెంట్‌ని మొదటినుంచి చివరిదాకా కళ్ళతో ఒకసారి చూడండి. పదహారు జంతువులకి అరగంట పడుతుంది.

7. దూరాల పట్టిక

ట్రీకి ముందు మెగాలో జతల మధ్య దూరాలు లెక్క కట్టండి. సైటోక్రోమ్ బికి రాబర్ట్ బ్రాడ్లీ, రాబర్ట్ బేకర్ 2001లో ఎలుకల్ని, గబ్బిలాల్ని చూసి ఇచ్చిన అంచనా ఇప్పటికీ చాలామంది వాడతారు. 2 శాతం లోపు తేడా సాధారణంగా ఒకే జాతిలోది, 11 శాతం దాటితే వేరే జాతులు, మధ్యలో ఉంటే ఇంకా పరిశీలించాలి. ఇది గీత గీసి చెప్పే చట్టం కాదు. తప్పులు పట్టుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎలుకకీ పందికొక్కుకీ మధ్య సున్నా వస్తే ఎక్కడో పేరు మారిపోయింది. ఒకే జాతి రెండు శాంపిళ్ళ మధ్య 15 శాతం వస్తే అయిదో మెట్టుకి వెనక్కి వెళ్ళండి.

ఇక్కడే ఇంకో పరీక్ష. ఉడుత, గినీ పంది లాంటి దూరపు జంతువుల మధ్య సైటోక్రోమ్ బి కోడాన్లలో మూడో స్థానం ఎన్నిసార్లు మారిందో చెప్పలేనంతగా మారి, పాత మార్పులు చెరిగిపోయి ఉంటాయి. ఎనిమిదో మెట్టులో ట్రీ గీశాక, మెగాలో మూడో స్థానాన్ని టిక్ తీసేసి మళ్ళీ ఒకటి గీయండి. పెద్ద కొమ్మలు చోట్లు మారితే, ఆ లోతులో మీ సైటోక్రోమ్ బి మాట చెల్లదు, ఐఆర్‌బీపీ చెప్పింది వినాలి.

8. ట్రీ గీయడం

మన దగ్గర ఇప్పటికీ చాలా ప్రాజెక్టుల్లో నైబర్-జాయినింగ్ (జతల దూరాల నుంచి గీసే) ట్రీ ఒక్కటే పెట్టి వదిలేస్తారు. త్వరగా తప్పులు పట్టుకోవడానికి అది మంచిదే, తుది జవాబుగా సరిపోదు. మాగ్జిమమ్ లైక్‌లీహుడ్ చేయండి, డీఎన్‌ఏ మారే తీరుకి ఒక లెక్క (మోడల్) పెట్టుకుని మీ డేటాకి అన్నిటికన్నా బాగా సరిపోయే ట్రీని వెతికే పద్ధతి అది. ఐక్యూ-ట్రీ వెబ్ సర్వర్‌లో అలైన్‌మెంట్ ఎక్కించి, మోడల్ దగ్గర ఆటో ఉంచి, అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 1,000, ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ (కొమ్మ మీద నమ్మకాన్ని కొలిచే ఇంకో పరీక్ష) 1,000 పెట్టండి. ఈ సైజు డేటాకి ఎక్కువసేపు పట్టదు. మెగాలోనే చేసేవాళ్ళు ముందు మోడల్ టెస్ట్ నడిపి, బీఐసీ (మోడళ్ళని పోల్చే అంకె) విలువ అన్నిటికన్నా తక్కువున్న మోడల్ తీసుకోండి. మోడళ్ళ గురించి రోజుల తరబడి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, డేటాలో ఒక తప్పు పేరు చేసే నష్టం ముందు మోడల్ తేడా చిన్నది.

వరస ఇది: సైటోక్రోమ్ బి ఒక్కదానితో ఒక ట్రీ, ఐఆర్‌బీపీ ఒక్కదానితో ఒక ట్రీ, ఆ తర్వాతే రెండూ కలిపి ఒకటి. కలిపేటప్పుడు ఏ బేసు నుంచి ఏ బేసు దాకా ఏ జన్యువో పార్టిషన్ ఫైల్లో చెప్పాలి. విడి ట్రీలు గీయకుండా నేరుగా కలిపేస్తే రెండు జన్యువులు పోట్లాడుకుంటున్న సంగతి మీకు కనిపించదు.

9. వేరు పెట్టడం

కంప్యూటర్ ఇచ్చే ట్రీకి వేరు ఉండదు. బొమ్మ గీయాలి కాబట్టి ఎక్కడో ఒకచోట వేరులా చూపిస్తుంది, ఐక్యూ-ట్రీ అయితే మీరు చెప్పకపోతే ఫైల్లో మొదటి సీక్వెన్స్‌నే బయట పెడుతుంది. ఫిగ్‌ట్రీలో కుందేలు కొమ్మ మీద నొక్కి రీరూట్ చేయండి. "మా ట్రీలో చిట్టెలుక అన్నిటికన్నా పురాతనమైనదని తేలింది" అని రాసిన రిపోర్టు చూస్తే, అక్కడ ఫైల్లో చిట్టెలుక మొదట ఉందేమో చూడండి.

10. జవాబు సరిచూసుకోవడం

ముందు అంకెలు. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 95, ఎస్‌హెచ్-ఏఎల్‌ఆర్‌టీ 80 దాటితే ఆ కొమ్మని నమ్మొచ్చు. మామూలు బూట్‌స్ట్రాప్‌కి 70 దాటితే ఫర్వాలేదంటారు. ఈ రెండిటినీ కలిపేసి అల్ట్రాఫాస్ట్‌లో 75 వచ్చినదాన్ని గట్టి ఆధారం అని రాసేస్తుంటారు, అది తప్పు. ఇంకోటి, 100 వచ్చినంత మాత్రాన అది నిజమని కాదు. మీ డేటా ఆ మాట మళ్ళీ మళ్ళీ చెబుతోందని మాత్రమే. డేటాయే ఒక పక్కకి ఒరిగి ఉంటే తప్పుకి కూడా 100 వస్తుంది.

తర్వాత తెలిసిన జవాబులతో పోల్చండి. పై జాబితాతో చేస్తే కనీసం ఇవి కనిపించాలి:

- మస్ బూడుగా, మస్ టెరికలర్ పక్కపక్కన. ఇంటి చిట్టెలుకకి ఇవి మస్ ప్లాటిత్రిక్స్ కన్నా దగ్గర.
- పందికొక్కులు రెండూ ఒకచోట, వాటికి దగ్గరగా రాటస్. మిల్లార్డియా వేరే కొమ్మ. పొలంలో పక్కపక్క బొరియల్లో బతుకుతున్నా సరే.
- అకోమిస్, టాటెరా ఒక గుంపు. బయటి రూపాన్ని, పళ్ళని చూసి అకోమిస్‌ని చాలాకాలం చిట్టెలుకల్లోనే లెక్కేశారు, 1990లలో డీఎన్‌ఏ పనితోనే అది జెర్బిళ్ళ వైపు చేరింది. మీ ట్రీలో ఇది సరిగ్గా వచ్చిందంటే మీ పని బాగా సాగుతోందని అర్థం, నాకు ఈ జాబితాలో అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇదే.
- హామ్‌స్టర్ ఈ మొత్తానికి బయట.
- ముళ్ళపంది, గినీ పంది కలిసి.

ఎలుకల వైపు శాఖ, ఉడుతల శాఖ, ముళ్ళపంది-గినీ పంది శాఖ, ఈ మూడిట్లో ఏది ముందు విడిపోయిందన్నది మాత్రం పెద్దపెద్ద డేటాలతో చేసినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి వాదించుకున్న విషయం. మీ రెండు జన్యువులు ఏదో ఒక జవాబిస్తాయి. దాని మీద ఏ సిద్ధాంతమూ కట్టకండి, ఆ మూడు కొమ్మల్నీ ఒకే ముడి (కొమ్మలు చీలే చోటు) దగ్గర కలిపి చూపించినా తప్పులేదు.

పైవాటిలో ఏదైనా రాకపోతే ఒక్కొక్క జంతువునీ తీసేసి మళ్ళీ గీయండి. ఏది తీస్తే సర్దుకుంటుందో ఆ సీక్వెన్స్‌లోనే తప్పు ఉండొచ్చు, లేదా దాని కొమ్మ మరీ పొడుగై ఉండొచ్చు. పొడుగు కొమ్మ సమస్య అయితే తీసేయడం కన్నా దాని దగ్గరి బంధువుల్ని రెండు మూడు చేర్చడం మంచి మందు. గినీ పందికి పనిచేసిన మందు కూడా ఇదే.

రెండు జన్యువుల ట్రీలు వేర్వేరుగా వస్తే? తేడా ఉన్న కొమ్మల మీద అంకెలు తక్కువుంటే పట్టించుకోవద్దు. రెండిట్లోనూ 95 పైన ఉండి కూడా తేడా వస్తే అది అసలు కథ కావచ్చు. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది, దగ్గరి జాతులు కలిస్తే ఒక జాతి మైటోకాండ్రియా ఇంకో జాతిలోకి చేరిపోతుంది, నల్ల ఎలుకల గుంపులో ఈ చిక్కు ఉంది. అలాంటప్పుడు కలిపిన ట్రీ పెట్టకుండా రెండు ట్రీలూ పక్కపక్కన చూపించండి.

ట్రీని చదవడంలో ఒక పొరపాటు మరీ మరీ కనిపిస్తుంది. పై నుంచి కిందకి ఉన్న వరసకి అర్థం లేదు. ఏ ముడి దగ్గరైనా కొమ్మల్ని తిప్పొచ్చు, ట్రీ మారదు. అలాగే ఎలుక నుంచి పందికొక్కు పుట్టిందనో, చిట్టెలుక నుంచి ఎలుక పుట్టిందనో రాయకండి. ఇద్దరికీ ఒకే పూర్వీకుడు, అంతవరకే.

11. ఎన్నేళ్ళ కిందట విడిపోయాయి?

అడగని వాళ్ళుండరు కాబట్టి రెండు మాటలు. మొదటి ప్రాజెక్టులో తేదీల జోలికి పోకపోవడమే మంచిది. చేసి తీరాలంటే బీస్ట్ సాఫ్ట్‌వేర్, శిలాజాల ఆధారం, దాని ఫలితాల్ని పరీక్షించే ట్రేసర్‌లో ప్రతి విలువకీ ఈఎస్‌ఎస్ (స్వతంత్రమైన నమూనాలు ఎన్నో చెప్పే అంకె) 200 దాటడం, ఇవన్నీ కావాలి. ఎలుక, చిట్టెలుక విడిపోయినదానికి సుమారు 1.2 కోట్ల ఏళ్ళు అని పాత పేపర్లలో కనిపించే అంకె పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమి శివాలిక్ పొరల్లో దొరికిన పళ్ళ శిలాజాల నుంచి వచ్చింది. ఆ శిలాజాలు సరిగ్గా ఏ ముడికి చెందుతాయన్నదాన్ని తర్వాతి పరిశోధనలు సవరించాయి. పాత అంకెని కళ్ళు మూసుకుని వాడకండి. సైటోక్రోమ్ బి పది లక్షల ఏళ్ళకి 2 శాతం మారుతుందని గుణించేయడం ఇంకా పెద్ద తప్పు, ఎలుకల్లో వేగం ఆ లెక్కకి లొంగదు.

12. దాచిపెట్టడం, పంచుకోవడం

అలైన్‌మెంట్ ఫైలు, పార్టిషన్ ఫైలు, ట్రీ ఫైలు, ఐక్యూ-ట్రీ ఇచ్చిన రిపోర్టు, అందులో ఉండే సీడ్ నంబరు (అదే ఫలితం మళ్ళీ రప్పించడానికి కావలసిన అంకె), అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టండి. ట్రీ బొమ్మ ఒక్కటే ఉంచుకుంటే ఆర్నెల్ల తర్వాత దాన్ని మళ్ళీ గీయలేరు. సొంత శాంపిల్ అయితే పుర్రె, చర్మం పారేయకండి. హైదరాబాద్ అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, భద్రపరచడం గురించి అక్కడ అడగండి. సీక్వెన్స్‌ని జెన్‌బ్యాంక్‌కి పంపేటప్పుడు దొరికిన ఊరు, తేదీ, పుర్రె నంబరు తప్పకుండా నింపండి. మస్ బూడుగానా, టెరికలరా తేలకపోతే ప్రజాతి పేరు వరకే రాసి ఆపండి, ఊహించి పేరు పెడితే ఆ తప్పు పేరునే ఇంకో పదిమంది తమ ట్రీలోకి దించుకుంటారు.